పదహారు కిలోమీటర్లకు 357 ఏళ్లు

ఇటలీ పటం మీద స్కేలు పెట్టి చూస్తే రోమ్‌కూ వెయీకూ మధ్య పదహారు కిలోమీటర్లు. వెయ్యి కాదు, వెయీ. ఎట్రుస్కన్ల పట్టణం పేరది. చద్దన్నం తిని బయల్దేరినవాడు ఎండ ముదరక ముందే చేరుకోగల దూరం. రోమ్ పుట్టిందని రోమన్లు లెక్కగట్టుకున్న సంవత్సరం క్రీ.పూ. 753. వెయీ వాళ్ల చేతికి చిక్కింది క్రీ.పూ. 396లో. పదహారు కిలోమీటర్లు జరగడానికి 357 ఏళ్లు! ఆ తర్వాత నూట ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఇటలీ ద్వీపకల్పం మొత్తం వాళ్ల కిందికి వచ్చేసింది.

బ్రిటన్ నుంచి ఈజిప్టు దాకా పాకిన సామ్రాజ్యం గురించీ సీజర్ల గురించీ అందరూ రాస్తారు. నాకు మాత్రం ఆ మొదటి ఐదు వందల ఏళ్ల రోమే ముచ్చటగా ఉంటుంది. అప్పటి వింతలన్నీ ఒక చిన్న ఊరు తన పొలిమేరను గజం గజం జరుపుకున్న వింతలు. ఒక్కమాట ముందే చెప్పాలి. క్రీ.పూ. నాలుగో శతాబ్దానికి ముందటి సంగతులు చాలావరకు లివీ లాంటివాళ్లు కొన్ని వందల ఏళ్ల తర్వాత విని రాసినవి. కథను కథగానే చదువుకోవాలి.

కొండలనడం మర్యాదకే

ఏడుకొండలు అనగానే మనకు తిరుమల మెదులుతుంది. రోమ్ ఏడుకొండలు చూస్తే తెలుగువాడికి నిరాశే. పాలటైన్, కాపిటోలైన్, అవెంటైన్, కేలియన్, ఎస్క్విలైన్, క్విరినల్, విమినల్ అని పేర్లు ఘనంగా ఉన్నాయి గానీ, సముద్రమట్టం నుంచి అరవై మీటర్లు అటూ ఇటూ తేలే మిట్టలవి. పాత అగ్నిపర్వతాలు కక్కిన బూడిద గట్టిపడి రాయైతే, వాగులు దాన్ని కోసుకుంటూ పోగా మిగిలిన దిబ్బలు. మధ్యలో పల్లం, పల్లంలో బురద. ఆ బురదలోంచి నీళ్లు పోవడానికి తవ్విన కాలువే క్లోవాకా మాక్సిమా. రాజుల కాలంలో మొదలైందంటారు. తర్వాత కప్పు వేశారు, మరమ్మతులు చేశారు. నేటికీ దాంట్లోంచి నీళ్లు టైబర్ నదిలోకి పారుతూనే ఉన్నాయి. లోకాన్ని ఏలిన రోమన్ ఫోరమ్, ఆ మురుగుకాలువ పుణ్యమా అని ఆరిన మడుగు.

పాలటైన్ దిబ్బ మీద 1948లో తవ్వినప్పుడు రాతిలో తొలిచిన గుంతలు వరసగా బయటపడ్డాయి. గుంజలు పాతిన గుంతలు. గుడిసె పొడవు ఐదు మీటర్లకు మించదు. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దం నాటివని తేల్చారు. రోమ్‌ను కట్టాడని చెప్పుకునే రోములస్ ఉన్నాడో లేడో గానీ, అతను పుట్టాడన్న రోజుల్లో అక్కడ గుడిసెలైతే ఉన్నాయి.

నాగలి ఎత్తిన చోటే గుమ్మం

ఊరు కట్టాలంటే ముందు పొలిమేర గీయాలి. రోమన్లు దాన్ని నాగలితో గీసేవారు. కంచు కర్రు తొడిగిన నాగలికి ఒక ఎద్దునూ ఒక ఆవునూ కట్టేవారు. ఎద్దు బయటివైపు, ఆవు లోపలివైపు. చాలు వెంట లేచిన పెళ్లలన్నీ లోపలికే పడాలి. పొరపాటున బయట పడిన పెళ్లను వెనక నడిచేవాళ్లు ఏరి లోపలికి విసిరేవారు. గుమ్మం రావలసిన చోటికి రాగానే కర్రును నేలలోంచి లాగి, నాగలిని ఎత్తి పట్టుకుని, అవతలకు మోసుకెళ్లి మళ్లీ దించేవారు. చాలు పవిత్రం, దాన్ని దాటకూడదు. గుమ్మానికి ఆ పవిత్రత పెడితే ఊళ్లోంచి శవం ఎలా వెళ్తుంది? అందుకే అక్కడ చాలు తెగాలి.

లాటిన్‌లో గుమ్మాన్ని 'పోర్టా' అంటారు, మోయడాన్ని 'పోర్టారే' అంటారు. నాగలిని మోసిన చోటు కాబట్టే పోర్టా అయిందని రోమన్లే చెప్పుకునేవారు. వ్యుత్పత్తి ఎంతవరకు నిలుస్తుందో గానీ, చెప్పుకోవడానికి బాగుంది.

ఒక కాడి, అరవై రెండు సెంట్లు

వాళ్ల భూమి కొలతా నాగలితోనే. ఒక కాడి ఎద్దులు ఒక రోజులో దున్నగలిగిన నేల ఒక 'యూగెరుమ్'. అరకల లెక్కన సేద్యం చెప్పుకునే మన రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మన లెక్కలో సుమారు 62 సెంట్లు. కాడిని లాటిన్‌లో 'యుగుమ్' అంటారు. సంస్కృతంలో 'యుగమ్' అన్నా కాడే. రెండు మాటలదీ ఒకే మూలం.

రోములస్ తన వాళ్లకు తలా రెండు యూగెరుమ్‌లు పంచాడని కథ. ఎకరంపావు అన్నమాట. క్రీ.పూ. 458లో ఈక్వీ జాతివాళ్లు రోమన్ సైన్యాన్ని చుట్టుముట్టేస్తే, నియంతగా రమ్మని పెద్దలు కబురంపిన సిన్సినాటస్‌కు ఉన్నది నాలుగు యూగెరుమ్‌లు. రెండున్నర ఎకరాలు. మన రెవెన్యూ కాగితాల ప్రకారం సన్నకారు రైతు. కబురు అందేసరికి పొలంలో ఉన్నాడు. ఒంటికి పట్టిన చెమటా దుమ్మూ తుడుచుకుని, భార్యను పైపంచె తెమ్మని, కప్పుకుని వెళ్లాడట. నియంతకు ఆరు నెలల గడువు ఉంటుంది. ఇతను పని ముగించి పదహారో రోజున పదవి వదిలేసి పొలానికి పోయాడని లివీ రాశాడు. అధికారాన్ని అంత తొందరగా దించుకున్నవాడిగా ఆ పేరు ఇప్పటికీ చెలామణిలో ఉంది. అమెరికాలో ఒక నగరానికే పెట్టుకున్నారు.

ఉప్పు బాట

ఇటలీ నదుల్లో టైబర్ మూడోది. పొడవు 405 కిలోమీటర్లు. పో, అడిజే దాని కంటే పొడవైనవి. రోమ్ దగ్గర దాని మధ్యలో పడవ ఆకారంలో ఒక లంక ఉంది, పొడవు 270 మీటర్లు. ఆ లంక దగ్గర నదిని దాటడం తేలిక. సముద్రం పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి ఉప్పుమడుల నుంచి కొండల్లోని సబైన్ల పల్లెలకు ఉప్పు మోసే దారి ఈ రేవు మీదుగానే పోయేది. దాని పేరే వియా సలారియా, ఉప్పు బాట. ఊరి కంటే బాటే పాతదంటారు.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. 'శాలరీ' అన్న మాటకు మూలమైన 'సలారియుమ్' ఉప్పులోంచే పుట్టింది, నిజమే. రోమన్ సిపాయిలకు జీతం కింద ఉప్పు కొలిచి పోసేవారన్నది మాత్రం వాట్సాప్ చరిత్ర. అలా పోసినట్టు పాతకాలపు రాత ఒక్కటీ లేదు.

చెరువు తెగితే కోట పడుతుంది

మళ్లీ వెయీకి వద్దాం. రోమ్ కంటే సంపన్నమైన పట్టణం, నిట్టనిలువు గట్టు మీద ఉంది. ముట్టడి పదేళ్లు సాగిందని కథ. ట్రాయ్ ముట్టడికి దీటుగా ఉండాలని పదేళ్లు చేసి ఉంటారని నా అనుమానం. వేసవి పోయి చలికాలం వచ్చినా సేద్యానికి వెళ్లకుండా సైన్యం అక్కడే కూర్చోవలసి రావడంతో, సిపాయిలకు రోజుకూలి ఇవ్వడం ఆ రోజుల్లోనే మొదలైందని లివీ అంటాడు.

ముట్టడి సాగుతుండగా, వానలు లేకుండానే ఆల్బన్ సరస్సు పొంగిందట. అది చల్లారిన అగ్నిపర్వతం నోట్లో నిండిన నీరు, లోతు 170 మీటర్లు. ఆ నీటిని బయటికి తీస్తే తప్ప వెయీ పడదని ఒక ముసలి ఎట్రుస్కన్ జోస్యుడు చెప్పాడు. గ్రీకుల డెల్ఫీ గుడి నుంచీ అదే మాట వచ్చింది. జోస్యం సంగతి ఎలా ఉన్నా సొరంగం మాత్రం నిజం. అగ్నిపర్వతపు అంచును తొలుచుకుంటూ దాదాపు 1.4 కిలోమీటర్ల పొడవున ఇప్పటికీ ఉంది. వెయీలోకి కూడా కామిల్లస్ సేనాని సొరంగం తవ్వించే దూరాడంటారు. ఆ ప్రాంతమంతా ఎట్రుస్కన్లు మురుగునీటి కోసం తవ్విన సొరంగాలతో జల్లెడలా ఉంటుంది కనుక, ఆ కథకు ఊతం అక్కడే దొరికి ఉండవచ్చు.

గెలిచిన నేలను తలా ఏడు యూగెరుమ్‌ల చొప్పున పంచారు. నాలుగు ఎకరాల ముప్పై ఆరు సెంట్లు. రోములస్ ఇచ్చినదానికి మూడున్నర రెట్లు.

ఆ పక్కా పదహారే

వెయీ పడి పదేళ్లయినా కాలేదు, ఉత్తరం నుంచి గాల్ తెగలవాళ్లు దిగారు. రోమన్ లెక్కలో క్రీ.పూ. 390, గ్రీకుల లెక్కలో 387. జూలై 18న అల్లియా వాగు దగ్గర రోమన్ సైన్యం చెల్లాచెదురైంది. రోమ్ నుంచి పదకొండో మైలు అది. వాళ్ల మైలంటే వెయ్యి జంట అంగలు, 1.48 కిలోమీటర్లు. పదకొండు మైళ్లంటే మళ్లీ పదహారు కిలోమీటర్లే! మూడున్నర శతాబ్దాల్లో గెలుచుకున్నంత దూరాన్ని ఒక్క పూటలో వెనక్కి పరిగెత్తారు. జూలై 18 ఆ తర్వాత తరతరాలూ అశుభదినంగా మిగిలింది.

కాపిటోలైన్ మీదికి రాత్రివేళ శత్రువులు పాకుతుంటే కుక్కలు నోరెత్తలేదు, జూనో దేవత గుడి పెద్దబాతులు అరిచాయి అన్న కథ చాలామందికి తెలుసు. తర్వాతి ముచ్చట అంతగా తెలియదు. ఏటా ఆ జ్ఞాపకార్థం ఒక బాతును పల్లకిలో మెత్తల మీద కూర్చోబెట్టి ఊరేగించేవారు. ఒక కుక్కను కొయ్యకు కొట్టి దాని వెంట తిప్పేవారు. వందల ఏళ్లు! ముత్తాతలు మొరగనందుకు ఆ కుక్కలు చెల్లించుకున్న బాకీ అది.

గాల్‌లు వెయ్యి రోమన్ పౌండ్ల బంగారం తీసుకుని వదిలారంటారు. నేటి తూకంలో 327 కిలోలు. బుద్ధి తెచ్చుకుని కట్టుకున్న గోడ పదకొండు కిలోమీటర్ల చుట్టు. దానికి రాయి ఎక్కడిదనుకున్నారు? చాలావరకు వెయీ గనులదే. ఓడిన ఊరి రాయి గెలిచిన ఊరికి ప్రాకారమైంది. ఇప్పుడు రోమ్‌లో టెర్మినీ రైల్వేస్టేషన్ దిగి బయటికొస్తే ఆ గోడ ముక్క ఎదురుగా నిలబడి ఉంటుంది. స్టేషన్ నేలమాళిగలో బర్గర్లు తినే బల్లల పక్కనా కొన్ని రాళ్లు ఉన్నాయి. 2,400 ఏళ్ల నాటి గోడకు వీపు ఆనించి కోక్ తాగవచ్చు.

ఒక్క బాణం తగలని ఓటమి

క్రీ.పూ. 321లో సామ్నైట్ల మీదికి పోయిన రోమన్ సైన్యం కాడియం కనుమలో ఇరుక్కుంది. ముందు దారికి చెట్లు నరికి అడ్డం వేశారు. వెనక్కి తిరిగితే అక్కడా అంతే. యుద్ధమే జరగలేదు. ఇద్దరు కాన్సుళ్లు, అంటే రోమ్ పాలకులు, వాళ్ల కింద సైన్యం మొత్తం లొంగిపోయారు. రెండు ఈటెలు నిలబెట్టి, మీద ఒకటి అడ్డంగా కట్టి, ఒక్కొక్కరినీ ఆయుధాలు లేకుండా, ఒంటి మీద ఒక్క గుడ్డతో, వంగి దాని కింద నుంచి పంపారు. దాన్ని కాడి అనేవారు, 'యుగుమ్'. భూమి కొలిచిన కాడే మెడ మీదికొచ్చింది.

కనుమల్లో నడవడం ఇక మనవల్ల కాదనుకున్నారేమో, తొమ్మిదేళ్ల తర్వాత, క్రీ.పూ. 312లో, అప్పియస్ క్లాడియస్ రోమ్ నుంచి తీరం వెంబడి కపువా దాకా బాట వేయించాడు. 132 రోమన్ మైళ్లు, సుమారు 195 కిలోమీటర్లు. చిత్తడి నేలల మీదుగా టెర్రచీనా వైపు అరవై కిలోమీటర్లకు దగ్గరగా తాడు లాగినట్టు తిన్నగా పోతుంది. అదే ఏడాది రోమ్‌కు మొదటి మంచినీటి కాలువనూ అతనే కట్టించాడు. పదహారు కిలోమీటర్ల పైచిలుకు, దాదాపు అంతా భూమి కింద. ఆ అప్పియస్‌కు తర్వాత చూపు పోయింది. కేకస్, అంటే గుడ్డివాడు అన్న బిరుదుతోనే చరిత్రలో నిలిచాడు. బాటకు యునెస్కో 2024లో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది.

పక్కూరి కీకారణ్యం

రోమ్‌కు ఉత్తరాన అరవై కిలోమీటర్ల దూరంలోని కిమినియన్ అడవి అంటే రోమన్లకు హడల్. వ్యాపారులు సైతం అడుగుపెట్టేవారు కారని లివీ రాశాడు. క్రీ.పూ. 310లో కాన్సుల్ తమ్ముడు ఒకడు గొర్రెలకాపరి వేషం వేసుకుని, ఒక్క బానిసను వెంటబెట్టుకుని అడవి దాటి వచ్చాడట. చిన్నప్పుడు ఎట్రుస్కన్ భాష నేర్చుకుని ఉండటం పనికొచ్చింది. కథలో నాకు నచ్చేది ఆ దూరం. ఊరు పుట్టి నాలుగున్నర శతాబ్దాలు అవుతోంది, బస్సులో గంటన్నర దూరంలోని అడవి ఇంకా కీకారణ్యమే.

రిజిస్ట్రేషన్ చేసిన శత్రుదేశం

యుద్ధం ప్రకటించడానికి రోమన్లకు ఒక పద్ధతి ఉండేది. ఫెటియల్ అనే పూజారి శత్రువు పొలిమేర దాకా వెళ్లి, కనీసం ముగ్గురు సాక్షుల ఎదుట మంత్రం చదివి, ఈటెను అవతలి నేలలోకి విసరాలి. శత్రువు పక్కూరివాడైనన్నాళ్లు పూజారికి ఒక పూట నడక. క్రీ.పూ. 280లో ఎపిరస్ రాజు పిర్రస్ సముద్రం దాటి దక్షిణ ఇటలీలోని టారెంటం వాళ్లకు సాయంగా దిగాడు. అతని దేశం ఏడ్రియాటిక్ సముద్రానికి అవతల ఉంది. ఈటె ఎక్కడ విసరాలి?

దొరికిన ఉపాయం చూడండి. పట్టుబడిన పిర్రస్ సిపాయి ఒకడి చేత రోమ్ పక్కనే ఫ్లామినియన్ మైదానంలో చిన్న స్థలం కొనిపించారు. కొన్నవాడు శత్రువు కాబట్టి ఆ స్థలం శత్రుదేశం. పూజారి ఎంచక్కా వెళ్లి అందులోకి ఈటె విసిరి ఇంటికొచ్చాడు. సర్వియస్ అనే వ్యాఖ్యాత చాలా తర్వాత రాసిన సంగతి ఇది, పండితులకు దాని మీద తర్జనభర్జన లేకపోలేదు. యుద్ధదేవత బెలోనా గుడి ముందు నిలిచిన యుద్ధస్తంభం దగ్గర ఈటె విసరడం మాత్రం కొనసాగింది. క్రీ.పూ. 32లో క్లియోపాత్రా మీద యుద్ధానికి ఆక్టేవియన్ విసిరింది అక్కడే. ప్రపంచంలో అతి చిన్న శత్రుదేశం ఆ కొనిపించిన స్థలమేనని పందెం కాయవచ్చు.

పిర్రస్ తెచ్చినవి ఇరవై ఏనుగులు. రోమన్లు అంతవరకు ఏనుగును చూడలేదు. లుకానియా ప్రాంతంలో ఎదురైంది కాబట్టి దానికి 'లుకానియా ఎద్దు' అని పేరు పెట్టారు. తెలిసినవాటిలో పెద్ద జంతువు ఎద్దే మరి! అవి మన ఆసియా జాతి ఏనుగులు. ఆ కాలపు మట్టిపళ్లెం ఒకటి ఇటలీలోనే దొరికింది. దాని మీద అంబారీ కట్టిన తల్లి ఏనుగు, దాని తోక పట్టుకుని నడిచే గున్న. క్రీ.పూ. 275 యుద్ధంలో ఒక గున్నకు దెబ్బ తగిలి ఏడిస్తే, తల్లి వెనుదిరిగి సొంత సైన్యాన్నే తొక్కేసిందని పాత చరిత్రల్లో ఉంది. ఆ యుద్ధం జరిగిన ఊరు మలెవెంటం. రోమన్ల చెవికి అది 'కీడు జరిగిన చోటు' అన్నట్టు వినబడేది. గెలిచాక అక్కడ కొత్తగా వలస ఊరు పెట్టినప్పుడు దాన్ని బెనెవెంటం చేశారు, మేలు జరిగిన చోటు. నేటి బెనెవెంటో అదే.

దూడల నేల

ఇటలీ అన్న పేరు మొదట్లో కాలి బూటు ఆకారంలోని దేశానికి బొటనవేలి ముక్కకు మాత్రమే ఉండేది. దక్షిణాది ఆస్కన్ భాషలో 'వితెలియు', దూడల నేల అని అర్థమని ఎక్కువమంది ఒప్పుకునే మాట. పేరు కింద నుంచి పైకి పాకింది. రోమ్ సొంత పౌరుల భూమి కూడా అలాగే పాకింది. రాజుల కాలం ముగిసేసరికి 820 చదరపు కిలోమీటర్లు ఉన్నది, క్రీ.పూ. 264 నాటికి 27 వేలకు చేరిందని చరిత్రకారుల అంచనా. సీజర్ కాలానికి ఇటలీ ఉత్తరపు హద్దు రూబికాన్ వాగు. ఆ వాగు ఏదో జనం మరిచిపోతే, 1933లో ముస్సోలినీ ప్రభుత్వం ఒక ఏటిని చూపించి ఇదేనని తేల్చేసింది.

గట్టు మీద తెడ్లు

ఇటలీకీ సిసిలీకీ మధ్య జలసంధి ఇరుకైన చోట మూడు కిలోమీటర్లే. క్రీ.పూ. 264లో రోమన్లు దాన్ని దాటడమే ఆఫ్రికా తీరంలోని కార్తేజ్‌తో 23 ఏళ్ల యుద్ధానికి నాంది. రోమ్‌కు చెప్పుకోదగ్గ నౌకాదళం లేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కార్తేజ్ ఓడ ఒకదాన్ని నమూనాగా పెట్టుకుని నూట ఇరవై ఓడలు కట్టారు. చెట్టు నరికింది మొదలు అరవై రోజుల్లో అంటాడు ప్లినీ. ఓడలు తయారయ్యేలోపు తెడ్లు వేసేవాళ్లకు గట్టు మీదే శిక్షణ. ఓడలో ఉన్నట్టే నేల మీద బల్లలు వరసగా వేసి, మధ్యలో ఒకడు నిలబడి కేక పెడితే, అందరూ ఒక్కసారి వెనక్కి వాలి ముందుకు వంగేవారు. గాలిని దున్నుతున్న ఆ పొలంకాపులను ఊహించుకుంటే నవ్వొస్తుంది.

అయినా గెలిచారు. క్రీ.పూ. 260లో మైలే దగ్గర. శత్రువు ఓడ మీదికి కొక్కెం ఉన్న వంతెన దించి, సముద్ర యుద్ధాన్ని నేల యుద్ధంగా మార్చేశారు. గెలిపించిన గయస్ డుయిలియస్‌కు దక్కిన గౌరవం భలేది: రాత్రి విందు నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు ముందు ఒకడు దివిటీ పట్టుకుని, ఒకడు పిల్లనగ్రోవి ఊదుకుంటూ నడవాలి. బతికినన్నాళ్లూ! ఇరుగుపొరుగు ఎన్ని రాత్రులు నిద్రలేచారో పాపం.

సముద్రమూ లెక్క తీర్చుకుంది. క్రీ.పూ. 255లో తుఫానుకు చిక్కిన 364 ఓడల్లో మిగిలినవి ఎనభై అని పోలిబియస్ లెక్క. చివరి యుద్ధం 241లో ఎగాది దీవుల దగ్గర. ఈ శతాబ్దం మొదలైనప్పటి నుంచి అక్కడి సముద్రం అడుగున ఓడల ముందు బిగించే కంచు ముట్టెలు ఇరవైకి పైగా దొరికాయి. కొన్నింటి మీద తనిఖీ చేసిన రోమన్ అధికారుల పేర్లు పోతపోసి ఉన్నాయి. ఈ ముట్టెను లాటిన్‌లో 'రోస్ట్రుమ్' అంటారు. అంతకు నూరేళ్ల ముందు, 338లో, ఆంటియం పట్టణపు ఓడల ముట్టెలు ఊడబీకి ఫోరమ్‌లోని ఉపన్యాస వేదికకు తగిలించారు. అప్పటి నుంచి ఆ వేదిక పేరే రోస్ట్రా.

మూసిన తలుపులు

ఫోరమ్‌లో రెండు ముఖాల జానస్ దేవుడి గుడి ఉండేది. యుద్ధం నడుస్తున్నంత కాలం తలుపులు తెరిచి ఉండాలి. ఎక్కడా యుద్ధం లేనప్పుడే మూయాలి. న్యూమా రాజు మూశాడన్నది కథ. ఆ తర్వాత క్రీ.పూ. 235లో, కార్తేజ్‌తో మొదటి యుద్ధం ముగిశాక, టైటస్ మాన్లియస్ కాన్సుల్‌గా ఉండగా మూశారు. గడియ వేసి ఎన్నాళ్లో కాలేదు, మళ్లీ తెరిచారు. మూడోసారి తలుపులు మూతపడింది క్రీ.పూ. 29లో. మధ్యలో 206 ఏళ్లు.